రౌటరు కొనకుండానే నెట్‌వర్కింగ్ నేర్చుకొనవచ్చును



డిగ్రీ, డిప్లొమా పరీక్షల ఫలితములు వచ్చిన తరువాత ప్రతి సంవత్సరము మా యొద్దకు ఒక ప్రశ్న వచ్చుచున్నది. "అయ్యగారూ, మావాడు కంప్యూటర్ నెట్‌వర్కింగ్ నేర్చుకుంటానంటున్నాడు. అమీర్‌పేటలో ఉండి చదవాలంట. ప్రాక్టీసుకి రౌటర్లూ అవీ కొనాలంట. పొలం కాగితాలు పెట్టి అప్పు తెమ్మంటారా?" అని అడుగుదురు. కూతుళ్లు గలవారి ప్రశ్న ఇంకొక విధముగా ఉండును. "పిల్లను అంతదూరం ఒంటరిగా పంపలేం. ఇంట్లో ఉండి నేర్చుకునే దారి ఉందా?" అని వారడుగుదురు.

ఈ ప్రశ్నకు తెలిసీ తెలియని జవాబు చెప్పుట మంచిది కాదు. ఒక కుటుంబము అప్పులపాలగుటయో, ఒక బిడ్డ చదువు ఆగిపోవుటయో మన జవాబుపై ఆధారపడి ఉండవచ్చును. మేము ఇంజినీర్లము కాము. అయితే ఈ పని చేయుచున్న మన సంఘ యౌవనులతో కూర్చుండి, వారు ఏమి నేర్చిరో, ఎట్లు నేర్చిరో, దేనికెంత ఖర్చయినదో అడిగి తెలిసికొంటిమి. దానిని బట్టి మేము గ్రహించిన సంగతి ఒక్కటే. నెట్‌వర్కింగ్ పనిలో మొదటి మెట్లు ఎక్కుటకు ఖరీదైన సామాను అక్కరలేదు. ఒక పాత కంప్యూటరు, ఒక నోటు పుస్తకము, కొద్దిపాటి తీగ, ప్రతిదినము ఒకటి రెండు గంటల అభ్యాసము చాలును. అప్పు చేయవలెనా వద్దా అను ఆలోచన ఆ మెట్లు ఎక్కిన తరువాతనే చేయవలెను.

అసలు ఈ పని ఏమిటి?

పిల్లలు ఏమి చదువుచున్నారో తల్లిదండ్రులకు కొంతైనా తెలియవలెను గనుక సులభముగా చెప్పుదుము. మనము ఉత్తరము వ్రాసినప్పుడు కవరుమీద ఊరు, వీధి, ఇంటి నంబరు వ్రాయుదుము. పోస్టాఫీసువారు మొదట ఊరిపేరు చూచి సంచులు వేరు చేయుదురు. చివరకు మన ఊరి పోస్టుమేను ఇంటి నంబరు చూచి చేతికిచ్చును. కంప్యూటర్లు మాటలాడుకొనుట కూడ ఇట్టిదే. పంపవలసిన సమాచారమును చిన్న చిన్న ముక్కలుగా చేసి, ప్రతి ముక్కమీద చిరునామా వ్రాసి పంపుదురు. ఆ ముక్కను ప్యాకెట్ అందురు. ఆ చిరునామాను ఐపీ అడ్రసు అందురు. ఒకే కార్యాలయములోని కంప్యూటర్లను కలుపు పెట్టె స్విచ్. ఒక నెట్‌వర్కునుండి మరియొక నెట్‌వర్కునకు దారి చూపు పెట్టె రౌటరు. ఈ దారులను ఏర్పరచుట, అవి తెగినప్పుడు ఎక్కడ తెగినవో కనుగొని సరిచేయుట నెట్‌వర్కింగ్ వారి పని.

ఈ పని పట్టణములకే పరిమితము కాదు. గ్రామ పంచాయతీలకు ఫైబరు తీగ చేర్చు పథకమునకు కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదము తెలిపినది. దానికే 2015లో భారత్‌నెట్ అని పేరు పెట్టిరి. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్ నెట్, తెలంగాణలో టీ-ఫైబర్ అను పేర్లతో రాష్ట్ర ప్రభుత్వముల పథకములు కూడ నడిచినవి. బ్యాంకు, ఆసుపత్రి, కళాశాల, రైసు మిల్లు, ఇట్లు ఎక్కడ చూచినను ఈ తీగలే, ఈ పెట్టెలే.

ఖరీదన్న భయము ఎందుకు?

పెద్ద కార్యాలయములలో వాడు రౌటర్లు, స్విచ్‌లు కొత్తవి కొనవలెనంటే ఒక్కొక్కటి వేలల్లో, కొన్నియైతే లక్షలలో ఉండును. ఒకప్పుడు వాటిని చేతితో ముట్టుకొని నేర్చుకొనుట తప్ప వేరు మార్గము తక్కువ. శిక్షణ సంస్థలు ల్యాబు పేరు చెప్పి ఎక్కువ ఫీజులు వసూలు చేయుటకు ఇది ఒక కారణము. అయితే రౌటరు చేయు పనిలో ఎక్కువ భాగము దానిలోని సాఫ్ట్‌వేరే చేయును. ఆ పనిని మామూలు కంప్యూటరు తెరమీద చూపించు ప్రోగ్రాములు ఇప్పుడు ఉచితముగా దొరకుచున్నవి. కావున ల్యాబు మన ఇంటి బల్లమీదికే వచ్చినదని చెప్పవచ్చును.

మొదటి మెట్టు: పెన్సిలు, నోటు పుస్తకము

ఈ మెట్టుకు కరెంటు కూడ అక్కరలేదు. ఐపీ అడ్రసులను భాగములుగా విభజించు లెక్కను సబ్‌నెట్టింగ్ అందురు. పరీక్షలలోను, ఉద్యోగపు ఇంటర్వ్యూలలోను చాలమంది తడబడునది ఇక్కడనే. ఒక ఉదాహరణ చూడుడి.

192.168.10.0 అను నెట్‌వర్కులో 0 నుండి 255 వరకు మొత్తము 256 చిరునామాలు ఉన్నవనుకొనుడి. ఒక కళాశాలలో ఆఫీసు, లైబ్రరీ, ల్యాబు, హాస్టలు అను నాలుగు విభాగములకు వీటిని సమానముగా పంచవలెను. ఎకరము చేనును నలుగురు అన్నదమ్ములకు పంచినట్టే, 256ను నాలుగుతో భాగించగా ఒక్కొక్కరికి 64 వచ్చును. మొదటి భాగము 0 నుండి 63 వరకు, రెండవది 64 నుండి 127 వరకు, మూడవది 128 నుండి 191 వరకు, నాలుగవది 192 నుండి 255 వరకు. ప్రతి భాగములో మొదటి చిరునామా ఆ నెట్‌వర్కు పేరుగాను, చివరిది అందరికి ఒకేసారి కేక వేయుటకును ఉంచబడును. కావున వాడుకొనదగినవి 62 మాత్రమే.

ఇప్పుడు ఒక ప్రశ్న. చివరి అంకె 70 గల కంప్యూటరు, 130 గల కంప్యూటరు రౌటరు లేకుండ మాటలాడుకొనగలవా? మొదటిది రెండవ భాగములోను, రెండవది మూడవ భాగములోను ఉన్నవి గనుక నేరుగా మాటలాడలేవు. ఇట్టి లెక్కలు దినమునకు పది చొప్పున నెలరోజులు చేసిన పిల్లవాడికి ఈ భయము పోవును. పొలము గట్టుమీద కూర్చుండియైనను చేయవచ్చును.

రెండవ మెట్టు: ఇంటిలో ఉన్న కంప్యూటరు

ఇంటిలో గాని, బంధువుల యొద్ద గాని ఒక కంప్యూటరు ఉన్నదా? సెల్‌ఫోను హాట్‌స్పాట్‌తో దానికి ఇంటర్నెట్ అందించవచ్చును. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ అను నల్లని తెర తెరచి ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లీషులో టైపు చేసినచో ఆ కంప్యూటరు చిరునామా, బయటకు దారి చూపు గేట్‌వే చిరునామా కనబడును. పింగ్ అను ఆజ్ఞ "అక్కడ ఎవరైనా ఉన్నారా?" అని పిలిచి జవాబు కొరకు చూచును. అమెరికాకు చెందిన మైక్ మూస్ అను ఇంజినీరు 1983లో వ్రాసిన చిన్న ప్రోగ్రాము అది. నేటికిని ప్రపంచమంతట వాడుచున్నారు.

ఇంటర్నెట్ పనిచేయనప్పుడు ఈ వరుసలో పరీక్షించుట అలవాటు చేసికొనవలెను. మొదట 127.0.0.1ను పింగ్ చేయవలెను. అది మన కంప్యూటరు తనను తాను పిలుచుకొనుట. తరువాత గేట్‌వేను, దాని తరువాత బయటనున్న 8.8.8.8 అను చిరునామాను పిలువవలెను. చివరకు ఎన్ఎస్‌లుకప్ అను ఆజ్ఞతో ఏదైన ఒక వెబ్‌సైటు పేరు అడుగవలెను. 8.8.8.8 జవాబిచ్చి, పేరు మాత్రము దొరకనియెడల తీగలో లోపము లేదు, పేరును చిరునామాగా మార్చు డీఎన్ఎస్ అను ఏర్పాటులో లోపమున్నదని తెలియును. గేట్‌వేయే పలుకనియెడల లోపము ఇంటిలోనే ఉండవచ్చును. కొన్ని యంత్రములు భద్రత కొరకు పింగ్‌కు జవాబియ్యకుండ కట్టడి చేయబడి ఉండును. కావున మౌనముగా నున్న ప్రతి యంత్రము చెడిపోయినదని తీర్పు తీర్చరాదు. దగ్గరనుండి దూరమునకు ఒక్కొక్క అడుగు పరీక్షించు ఈ ఓపికకే ఉద్యోగములో జీతమిత్తురు.

మూడవ మెట్టు: తెరమీది ల్యాబు

నెట్‌వర్కు పరికరములు తయారుచేయు సిస్కో కంపెనీ 1997లో నెట్‌వర్కింగ్ అకాడమీ అను విద్యా కార్యక్రమము ప్రారంభించినది. వారి ప్యాకెట్ ట్రేసర్ అను ప్రోగ్రామును ఆ అకాడమీ వెబ్‌సైటులో పేరు నమోదు చేసికొన్నవారెవరైనను ఉచితముగా పొందవచ్చును. దానిని వాడు విధము నేర్పు చిన్న కోర్సు కూడ అక్కడనే ఉచితము. తెరమీద రౌటర్లను, స్విచ్‌లను, కంప్యూటర్లను పెట్టి, తీగలతో కలిపి, నిజమైన వాటికి ఇచ్చు ఆజ్ఞలనే వ్రాయవచ్చును. ఒక ప్యాకెట్ ఎక్కడనుండి ఎక్కడికి పోవుచున్నదో ఒక్కొక్క అడుగు చూడవచ్చును.

4 జీబీ మెమొరీ ఉన్న పాత లాప్‌టాప్‌లో కూడ చిన్న చిన్న అభ్యాసములు నడచును. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరుతో ముగిసినది. విండోస్ 11 నడువని పాత యంత్రములను పారవేయ నక్కరలేదు. ఉబుంటు అను ఉచిత లినక్స్ వేసికొనవచ్చును. ప్యాకెట్ ట్రేసర్ దానిమీద కూడ నడచును. పైగా లినక్స్ నేర్చుట ఈ వృత్తికి ఎంతో మేలు.

అభ్యాసము ఎట్లు చేయవలెను? మొదటి వారములో రెండు కంప్యూటర్లను ఒక స్విచ్‌తో కలిపి పింగ్ చేయుడి. రెండవ వారములో ఒక రౌటరు చేర్చి రెండు నెట్‌వర్కులను కలుపుడి. తరువాత పైన చెప్పిన కళాశాల లెక్కను తీసికొని, నాలుగు విభాగములను ఒకే స్విచ్‌మీద వేరు చేయుడి. దానిని వీలాన్ అందురు. అటుతరువాత మూడు రౌటర్లు పెట్టి, ఒక దారి తెగినప్పుడు ఇంకొక దారి తామే కనుగొనునట్లు ఓఎస్‌పీఎఫ్ అను పద్ధతి నేర్పుడి.

మన యౌవనుడొకడు చేసిన మంచి ఉపాయము ఇక్కడ చెప్పవలెను. అతడు సరిగా పనిచేయుచున్న ల్యాబును దాచుకొని, దాని నకలును చెల్లెలికిచ్చి "ఇందులో ఏదో ఒకటి పాడుచెయ్యమ్మా, ఏది పాడుచేశావో చెప్పొద్దు" అనెడివాడు. ఆమె ఒక అంకె మార్చియో, ఒక తీగ తీసివేసియో ఇచ్చెడిది. అతడు గడియారము పెట్టుకొని తప్పు వెదకెడివాడు. కొన్ని నెలలకు చెల్లెలు కూడ నేర్చుకొన్నది! కట్టుట ఒక విద్య, చెడినదానిని కనుగొనుట అంతకంటె పెద్ద విద్య.

నాలుగవ మెట్టు: లోపల జరుగుదానిని చూచుట

జెరాల్డ్ కోంబ్స్ అను ఆయన 1998లో ఈథరియల్ అను ఉచిత ప్రోగ్రామును విడుదల చేసెను. 2006 నుండి దాని పేరు వైర్‌షార్క్. మన కంప్యూటరులోనికి వచ్చు, పోవు ప్యాకెట్లను అది విప్పి చూపును. కంప్యూటరు నెట్‌వర్కులో చేరి చిరునామా అడుగునప్పుడు నాలుగు మాటలు జరుగును. "చిరునామా ఇచ్చువారెవరైన ఉన్నారా?" "ఇదిగో, ఇది తీసికొనుము." "సరే, దానినే ఇయ్యుడి." "ఇచ్చితిమి." పుస్తకములో బట్టీపట్టిన ఈ డీహెచ్‌సీపీ పాఠమును కన్నులార చూచినవాడు ఇక మరువడు.

8 జీబీ లేక అంతకు మించిన మెమొరీ ఉన్నవారు వర్చువల్‌బాక్స్ అను ఉచిత ప్రోగ్రాముతో ఒకే యంత్రములో రెండు మూడు లినక్స్ కంప్యూటర్లు నడపవచ్చును. వాటిలో ఎఫ్ఆర్ రౌటింగ్ అను ఉచిత సాఫ్ట్‌వేరు వేసినచో అవి నిజముగా రౌటర్ల పని చేయును. జీఎన్ఎస్3 అను ఇంకొక ఉచిత ప్రోగ్రాము ఉన్నది. అయితే దానిలో నడుపుటకు కావలసిన సిస్కో రౌటరు సాఫ్ట్‌వేరు మాత్రము ఉచితము కాదు, లైసెన్సు కావలెను. ఎక్కడనో దొంగచాటుగా పెట్టిన నకలును దించుకొనుట పరుల సొత్తు తీసికొనుటయే. ఉచితముగా, న్యాయముగా దొరకునవి ఇన్ని ఉండగా ఆ దారి మనకెందుకు?

అయిదవ మెట్టు: చేతిపని

తెరమీద ఎంత నేర్చినను తీగ చివర కట్టుట చేతితోనే రావలెను. క్రింపింగ్ టూలు, కొన్ని ఆర్‌జే-45 కనెక్టర్లు, పది మీటర్ల తీగ, ఒక చిన్న టెస్టరు, అన్నియు కలిపి సుమారు 1000 నుండి 1500 రూపాయలలో వచ్చును. నలుగురైదుగురు కలిసి కొనినయెడల తలా రెండు వందలనుండి నాలుగు వందలలోపు మాత్రమే.

తీగలోని ఎనిమిది పోగుల వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలము, తెలుపు-నీలము, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. కనెక్టరు మేకు మీవైపు కాక అవతలివైపునకు ఉండునట్లు పట్టుకొని, ఎడమనుండి కుడికి ఈ వరుస రావలెను. రెండు చివరలును ఒకే వరుసలో ఉండవలెను. పోగులను ఎక్కువ దూరము విప్పరాదు. పై తొడుగు కనెక్టరు లోపలివరకు పోవలెను. ఒక తీగ పొడవు 100 మీటర్లు మించరాదు. ఇరువది ముప్పది చివరలు కట్టునప్పటికి చేయి తిరుగును. ఈ ఒక్క పని వచ్చినవాడికి ఊరిలో సీసీ కెమెరాలు పెట్టువారియొద్ద, కేబులు ఆపరేటర్లయొద్ద చిన్న పనులు దొరకవచ్చును.

కంప్యూటరే లేనివారు వాడిన లాప్‌టాప్ కొనవచ్చును. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల ఇట్టివి దొరకును. తెలిసినవారిని వెంటబెట్టుకొని పోయి, బ్యాటరీ, మెమొరీ, తెర పరీక్షించి, బిల్లు తీసికొని కొనవలెను. పాత సిస్కో స్విచ్ ఒకటి చవకగా వచ్చినచో కొందరు కలిసి తీసికొనుట మంచిదే. అది మొదటి అవసరము మాత్రము కాదు.

జాగ్రత్తలు

నేర్చుకొన్న విద్యను ఇతరుల నెట్‌వర్కుమీద ప్రయోగించి చూడరాదు. పొరుగింటి వైఫై పాస్‌వర్డు విప్పుట, అనుమతి లేకుండ కార్యాలయపు కంప్యూటర్లలో చొరబడుట 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ప్రకారము నేరము. సరదా అన్న మాట పోలీసు స్టేషనులో చెల్లదు.

సిస్కోవారి సీసీఎన్ఏ పరీక్ష రుసుము 300 డాలర్లు. అనగా మన డబ్బులో పాతికవేలకు పైనే, పన్ను వేరు. ధృవపత్రము మూడు సంవత్సరములు చెల్లును. ఇంటిలో మాదిరి పరీక్షలు వ్రాసి, మంచి మార్కులు పలుమార్లు వచ్చిన తరువాతనే ఈ రుసుము కట్టవలెను. దొంగతనముగా అమ్ము ప్రశ్నపత్రములు బట్టీపట్టి వ్రాయువారు పట్టుబడినచో ధృవపత్రము రద్దగును. పట్టుబడకపోయినను మొదటి ఇంటర్వ్యూలోనే బయటపడుదురు. "వంద శాతము ఉద్యోగ హామీ" అని ముందుగా సొమ్ము అడుగువారిని నమ్మకుడి.

సంస్థలో చేరుటే తప్పని మేము చెప్పుటలేదు. మంచి గురువు యొద్ద కాలము కలిసి వచ్చును. అయితే ముందు మూడు నెలలు ఇంటియొద్ద ఈ మెట్లు ఎక్కి చూడనియ్యుడి. ఆసక్తి నిలిచినచో కోర్సు సగము శ్రమతో సాగును. ఆసక్తి లేదని తేలినచో పొలము కాగితములు పెట్టెలోనే భద్రముగా ఉండును.

తల్లిదండ్రులకు ఒక మాట

తెలుగు మీడియములో చదివిన పిల్లలకు ఇంగ్లీషు పదములు మొదట బెదురు పుట్టించును. ప్రతి కొత్త పదమును, దాని అర్థమును తెలుగులో ఒక పుస్తకములో వ్రాసికొనమనుడి. యూట్యూబులో తెలుగులో చెప్పు పాఠములు కూడ ఉన్నవి. ఐఐటీ ఆచార్యులు ఇంగ్లీషులో చెప్పిన నెట్‌వర్కింగ్ పాఠములు ఎన్‌పీటెల్‌లో ఉచితముగా వినవచ్చును. ధృవపత్రము కావలసినవారు మాత్రము పరీక్ష రుసుము కట్టవలెను.

ఈ విద్య వచ్చిన వెంటనే పెద్ద జీతము రాదని కూడ ముందే తెలిసికొనుడి. మొదటి ఉద్యోగము తరచు తక్కువ జీతముతో, రాత్రి షిఫ్టులతో, ఫోనులో కోపపడువారికి ఓపికగా జవాబు చెప్పుటతో మొదలగును. అక్కడ రెండు మూడు సంవత్సరములు నిలిచినవారే ముందుకు పోవుదురు.

కుమారునికి ఇచ్చిన సమయము కుమార్తెకు కూడ ఇయ్యుడి. ఆమె కంప్యూటరు ముందు కూర్చున్న గంటలో నీళ్లకని, అంట్లకని మాటిమాటికి లేపకుడి. దూరము పంపలేమని ఆమె విద్యకు అడ్డుకట్ట వేయనక్కరలేదు. పైన చెప్పిన అయిదు మెట్లలో ఇల్లు విడిచి పోవలసినది ఒక్కటియు లేదు.

సంఘపెద్దలకు ఒక మనవి. మందిరపు ఆఫీసులోను, పాఠశాలలోను వాడక మూలపడియున్న కంప్యూటర్లు ఏమైన ఉన్నవేమో చూడుడి. వారమునకు రెండు సాయంకాలములు ఒక గది తెరచి, ఒక దీపము, ఒక ఫ్యాను, పెద్దవారొకరి కాపుదల ఏర్పాటు చేసినచో నలుగురైదుగురు పిల్లలు కలిసి నేర్చుకొందురు. తీగ, టూలు అందరికి ఒకటే చాలును. ఒకరు కట్టిన ల్యాబును మరియొకరు పాడుచేయుచు, బాగుచేయుచు ఆరు నెలలు గడిపినయెడల, ఆ గదిలోనుండి మన మండలములో ఎక్కడ నెట్ ఆగినను పిలువదగిన ఒకరిద్దరైనను బయటకు వత్తురు.